దుకాణం బిల్లు పట్టా కాదు

జూన్, జులై వచ్చాయంటే మా ఆఫీసుకు వచ్చే కేసుల రకం మారిపోతుంది. ఇంటర్ పాసై బెంగళూరులోనో వెల్లూరులోనో సీటు దొరికిన పిల్లలు బట్టలు, పుస్తకాలతో పాటు ఇంట్లో ముద్దుగా పెంచుకున్న తాబేలునో ఇగ్వానానో కొండచిలువ పిల్లనో కూడా బ్యాగులో వేసుకుని బయల్దేరుతున్నారు. కొందరు స్టేషన్లో దొరికిపోతున్నారు, కొందరిని హాస్టల్ గదిలో పక్క మంచం కుర్రాడే పట్టిస్తున్నాడు. మర్నాడు తల్లిదండ్రులు హైదరాబాద్ దబీర్‌పురాలోని మా ఆఫీసు మెట్లెక్కుతారు. చేతిలో ఒక దుకాణం బిల్లు ఉంటుంది. "వకీల్ సాబ్, రసీదు ఉంది గదా, ఇగ భయమెందుకు?" అని అడుగుతారు.

భయపడాల్సింది ఆ రసీదుకే. జంతువును అమ్మినవాడు రాసిచ్చిన బిల్లు మీకు దాని మీద ఏ హక్కూ ఇవ్వదు. పైగా, దాన్ని మీరు డబ్బిచ్చి కొన్నారని మీ చేతులతో మీరే కోర్టుకు సాక్ష్యం ఇచ్చినట్టవుతుంది.

ఈ మధ్య వచ్చిన కేసే చూడండి. కుర్రాడికి పద్దెనిమిదేళ్లు నిండాయి, బెంగళూరులో ఇంజనీరింగ్ సీటు. తండ్రి టైలరు. బూట్ల డబ్బాకు సూదితో చిల్లులు పొడిచి, అడుగున పాత బనియను పరిచి, రెండు నక్షత్ర తాబేళ్లను పెట్టి కాలేజీ బ్యాగులో దాచాడు. రైలెక్కకముందే తనిఖీలో డబ్బా బయటపడింది. తండ్రి పరుగున వెళ్లి అధికారుల ముందు బిల్లు పెట్టాడు. ఆ బిల్లు నేనూ చూశాను. అరచేతి వెడల్పు గులాబీ రంగు కార్బన్ కాపీ. పైన దుకాణం పేరు లేదు, జీఎస్టీ నంబరు లేదు, ముద్ర లేదు. 'స్టార్ 2' అని, దాని కింద 'చేపల మేత 1' అని, చివర మొత్తం. అప్పటిదాకా "తాబేళ్లు తోటలో దొరికాయి" అని చెప్పుకోవడానికి కాస్తో కూస్తో సందుండేది. దాన్ని ఈ బిల్లు మూసేసింది.

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక నక్షత్ర తాబేలు ఒకటో షెడ్యూల్‌లో ఉంది. ఉడుమూ అందులోనే ఉంది. ఒకటో షెడ్యూల్ జంతువు కేసులో నేరం రుజువైతే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయలకు తగ్గకుండా జరిమానా. "ఎంతో కొంత కట్టి బయటపడదాం" అనే క్లయింట్లు నాకు ప్రతి ఏడూ దొరుకుతారు. కనీస శిక్ష ఉన్న నేరాన్ని సెక్షన్ 54 కింద డబ్బు కట్టి రాజీ చేసుకునే వీల్లేదు. అధికారికి ఇష్టమున్నా కుదరదు.

సెక్షన్ 49 ప్రకారం లైసెన్సు ఉన్న డీలరో, అమ్మే అధికారం ఉన్న మనిషో తప్ప మరెవరి దగ్గరా ఇలాంటి జంతువును కొనకూడదు. మీ గల్లీ అక్వేరియం వాడికి ఆ అధికారం ఎక్కడిది? సెక్షన్ 57 ఇంకా గట్టిది. జంతువు మీ దగ్గర ఉందని తేలితే చాలు, అక్రమంగానే ఉంచుకున్నారని కోర్టు అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సిన భారం మీదే. ఆ రుజువు కోసం మీరు జేబులోంచి తీసేది దుకాణం బిల్లే అయితే ఇక నేను వాదించడానికి మిగిలేది ఏమిటి?

"కొన్నది 2021లో, అప్పుడు షెడ్యూలు వేరు కదా" అన్నాడు ఆ తండ్రి. నిజమే, అప్పుడు నాలుగో షెడ్యూల్. కానీ అప్పుడూ అది రక్షిత జంతువే. పైగా బ్యాగులో దొరికింది ఇప్పుడు. పాత తేదీ బిల్లు చూపిస్తే ఇన్నేళ్లుగా దగ్గర పెట్టుకున్నారని తేలుతుందే తప్ప నేరం పాతబడిపోదు.

విదేశీ జాతుల సంగతి వేరు. బాల్ పైథాన్, గ్రీన్ ఇగ్వానా లాంటివి వన్యప్రాణుల వ్యాపారం మీద కుదిరిన అంతర్జాతీయ సైట్స్ ఒప్పందం జాబితాలో ఉన్నాయి కాబట్టి మన చట్టంలో ఇప్పటి నాలుగో షెడ్యూల్ కిందికి వస్తాయి. వీటిని పెంచుకోవచ్చు, కానీ సెక్షన్ 49-ఎం ప్రకారం రిజిస్టరు చేయించాలి. 2024 ఫిబ్రవరి 28న వచ్చిన నిబంధనలు అప్పటికే పెంచుకుంటున్నవాళ్లకు ఆరు నెలల గడువిచ్చాయి. ఆ తర్వాత తెచ్చుకున్నవాళ్లకు చేతికొచ్చిన 30 రోజుల్లోపు అంటే అంతే. దరఖాస్తు కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో పెట్టుకోవాలి. పిల్ల పుట్టినా, చనిపోయినా, మరొకరికి ఇచ్చినా తెలియజేయాలి. ఇక్కడా బిల్లు చెల్లదు, సర్టిఫికెట్ కావాలి. దుకాణం వాడు చెప్పే ముద్దుపేరుతో కాకుండా శాస్త్రీయ నామంతో జాబితాలో వెతుక్కోండి. వాడు 'బనానా' అన్నా చట్టానికి తెలిసింది పైథాన్ ఒక్కటే.

కాలేజీకి వెళ్లే పిల్లల ఇళ్లలో ఇక్కడే పొరపాటు జరుగుతోంది. సర్టిఫికెట్ తండ్రి పేరు మీద హైదరాబాద్ చిరునామాతో ఉంటుంది, పాము కొడుకు దగ్గర బెంగళూరు హాస్టల్లో ఉంటుంది. చేతులు మారితే ఆ సంగతి ముందుగా రాతపూర్వకంగా తెలియజేసి, నమోదు చేయించుకోవాలి. "మా నాన్నదే కదా" అంటే హాస్టల్ వార్డెను వినడు, అటవీ అధికారి అసలే వినడు. నన్నడిగితే సర్టిఫికెట్ ఎవరి పేరున ఉందో ఆ ఇంట్లోనే జంతువును ఉంచండి. నాలుగేళ్లు అమ్మానాన్నలు మేత వేస్తారు, మీరు సెలవులకు వచ్చి చూసుకోండి.

తీసుకెళ్లక తప్పదంటే అసలు సర్టిఫికెట్, పశువైద్యుడి ఆరోగ్య ధ్రువపత్రం, చిరునామా మార్పు తెలియజేసిన రసీదు వెంట ఉండాలి. ఈ రసీదు దుకాణం వాడిది కాదు, ప్రభుత్వానిది. పెంపుడు జంతువులను ఎక్కించుకునే మన దేశీయ విమానాలు కూడా కుక్కలు, పిల్లులు, మహా అయితే పక్షుల దగ్గరే ఆగిపోతాయి. రైలుకు పార్శిల్ ఆఫీసులో ముందే రాతపూర్వకంగా అడగండి, బ్యాగులో దాచి ఎక్కకండి. 2022లో గోదావరిఖని నుంచి కరీంనగర్ వెళ్లే బస్సులో కోడిపుంజుకు 30 రూపాయల టికెట్ కొట్టారని మనమంతా నవ్వుకున్నాం. పాముకు మాత్రం టికెట్ కొట్టరు, పోలీసులకు ఫోన్ కొడతారు. ఎండాకాలంలో గాలాడని డబ్బాలో కుక్కి తీసుకెళ్తే 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద మరో నేరం. జరిమానా 10 నుంచి 50 రూపాయలేనని తేలిగ్గా తీసుకోకండి, ఛార్జిషీటులో అదొక సెక్షన్ అవుతుంది.

మన దేశపు జాతులను తెలిసిన ట్రావెల్స్ డ్రైవరుతో పంపుదామనుకుంటే అతన్నీ ఇరికించినట్టే. రవాణాకు అనుమతి ఉందో లేదో చూసుకోకుండా తీసుకుంటే సెక్షన్ 48-ఎ అతనికి తగులుతుంది. వాడిన వాహనాన్ని స్వాధీనం చేసుకుంటే అది ప్రభుత్వపరం కావచ్చు. బండి బిల్లు ఉన్నా సరే.

భయంతో మూసీలోనో చెరువులోనో వదిలేయడం మరో తెలివితక్కువతనం. ఎర్రచెవుల తాబేలు అమెరికా నుంచి వచ్చిన జాతి, మన నీళ్లలో పడితే మన తాబేళ్ల తిండీ చోటూ లాక్కుంటుంది. నక్షత్ర తాబేలు మెట్ట నేల ప్రాణి, నీళ్లలో వదిలితే మునిగి చస్తుంది. మన జాతి జంతువు మీ ఇంట్లో ఉంటే ముందు వకీలుతో మాట్లాడండి, తర్వాత అటవీ శాఖకు రాతపూర్వకంగా అప్పగించి రసీదు తీసుకోండి. చట్టంలో మాఫీ లేదు, మాఫీ ఉందని చెప్పేవాడిని నమ్మకండి. అయినా తనంతట తాను అప్పగించినవాడికీ బ్యాగులో దాచి దొరికినవాడికీ కోర్టు దృష్టిలో తేడా ఉంటుంది. నిజంగానే పెరట్లోకి వచ్చిన తాబేలునో ఉడుమునో పట్టుకుంటే 48 గంటల్లో పోలీసులకో అటవీ అధికారికో చెప్పాలని సెక్షన్ 39 అంటోంది.

అధికారులతోనూ నాకు పేచీ ఉంది. ఆ టైలరు కొడుకు కేసు పంచనామాలో 'తాబేళ్లు 2' అని రాసి ఊరుకున్నారు. ఏ జాతి, ఏ షెడ్యూల్ అన్నదాని మీదే కదా శిక్ష ఆధారపడేది! బిల్లు మీద పేరు లేకపోయినా ఆ దుకాణం ఎక్కడుందో తండ్రి చెప్పాడు, ఒక్కరూ వెళ్లి చూడలేదు. అమ్మేవాడు సాయంత్రానికి షట్టరు ఎత్తుకుని కూర్చుంటాడు, కొన్న కుర్రాడు తరగతులు మానుకుని వాయిదాలకు తిరుగుతాడు. ఇంకొక హెచ్చరిక. తగిన హోదా ఉన్న అటవీ అధికారి నిందితుడి ఎదుట నమోదు చేసిన సాక్ష్యం తర్వాత విచారణలో చెల్లుతుంది. చదవకుండా సంతకం పెట్టకండి, వకీలు వచ్చేదాకా ఆగమని అడగండి.

ఆ కుర్రాడికి బెయిలు వచ్చింది, కేసు నడుస్తోంది. తాబేళ్లు తిరిగి రావు. తండ్రి ఇప్పటికీ ఫోన్ చేసి బిల్లు అసలు కాపీ దుకాణం వాడి దగ్గర దొరుకుతుందేమో అడగమంటావా అంటాడు. దొరక్కపోతేనే మంచిది భాయ్ అని చెబుతున్నాను.

మీ ఇంట్లో ఇలాంటి ప్రాణి ఉంటే కాలేజీ ఫీజు కట్టేలోపే అది ఏ జాతో, ఏ షెడ్యూలో తేల్చుకోండి. మన జాతి అయితే అప్పగించండి, విదేశీ జాతి అయితే రిజిస్టరు చేయించండి. ప్రభుత్వం ఇచ్చిన సర్టిఫికెట్ లేనిదే దాన్ని గడప దాటించకండి. దుకాణం బిల్లు ఒక్కటే పట్టుకుని మాత్రం ఏ కోర్టుకూ వెళ్లకండి.