ట్రాలీని వెనక్కి పిలిచేదెవరు?



పత్తి ఏరుడు మొదలైనా, మిరప కోత మొదలైనా, వరి నూర్పిళ్లు మొదలైనా మన రాజోలి మండలంలో ముందు రోడ్డెక్కేది ట్రాక్టరు, దాని వెనక ట్రాలీ. తుంగభద్ర ఒడ్డు చేల నుంచి ధాన్యం రావాలన్నా, తుమ్మిళ్ల దిక్కు నుంచి మిరప బస్తాలు పోవాలన్నా, సీడు పత్తి చేనుకు క్రాసింగ్ కూలీలను తేవాలన్నా అదే బండి. ట్రాక్టరుకైతే ఆయిలు మారుస్తాం, ఫిల్టరు మారుస్తాం, వేళకు సర్వీసింగు చేయిస్తాం. మరి ట్రాలీకి? "దానికేముంది, ఇనుప డబ్బా, రెండు చక్రాలు. ఇంజనే లేనిదానికి రోగమేముంటది?" అని ఊరుకుంటాం.

ఈ వారం పాఠం ఆ ఇనుప డబ్బా గురించే. ఇంట్లో ట్రాలీ ఉన్న రైతుకు ఎంత అవసరమో, ఎకరం రెండెకరాల చేను పెట్టుకొని కిరాయి ట్రాలీ పిలిపించుకునే రైతుకూ అంతే అవసరం.

రీకాల్ అంటే ఏమిటి?

మనది విత్తనాల సీమ కాబట్టి ఈ మాట తేలిగ్గానే అర్థమవుతుంది. ఒక లాటు విత్తనం మొలక రాలేదనుకోండి. ఆ తప్పు ఒక్కరి చేనుతో ఆగదు, ఆ లాటు కొన్న అందరి చేలల్లోనూ అదే కథ. అప్పుడేం చేయాలి? సంచి మీది లాటు నంబరు పట్టుకొని, మిగిలిన సంచులన్నీ విత్తక ముందే వెనక్కి తెప్పించాలి.

బండ్ల సంగతీ ఇంతే. ఒక కార్ఖానాలో ఒక నెలలో తయారైన బండ్లకు బ్రేకు పైపు నాసిరకంది పడవచ్చు, యాక్సిలు ఉక్కు సరిగా లేకపోవచ్చు. అప్పుడు ఆ వరుస బండ్లన్నిటికీ అదే లోపం ఉంటుంది. ప్రమాదం జరగక ముందే కంపెనీ ఆ బండ్లను వెనక్కి పిలిచి, పైసా తీసుకోకుండా బాగుచేసి ఇవ్వడాన్నే రీకాల్ అంటారు.

అమెరికాలో దీనికి 1966లోనే చట్టం వచ్చింది. అక్కడ వంటిల్లు, పడక అన్నీ ఉండే ఇల్లులాంటి మోటారు బండ్లు, బండి వెనక కట్టుకొని పోయే ట్రైలర్లు చాలా ఎక్కువ. ఇవి కూడా ఆ చట్టం కిందికే వస్తాయి. హుక్కు దగ్గర వెల్డింగు బలహీనమని, యాక్సిలు సరిగా లేదని, బ్రేకు పట్టదని, టైరు ఆ బరువుకు చాలదని, లోపలి గ్యాసు పైపు కారుతుందని అక్కడ ట్రైలర్లను వెనక్కి పిలుస్తుంటారు. గ్యాసు పైపు మాట పక్కన పెడితే, మిగిలినవన్నీ మన ట్రాలీకీ వచ్చే జబ్బులే.

మన దేశంలో 2012 నుంచి వాహన కంపెనీలు తమంతట తామే రీకాల్ చేసే పద్ధతి పెట్టుకున్నాయి. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 110-ఏ అనే సెక్షను చేర్చారు. దాని నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. బండిలో ఉన్న లోపం నడిపేవాళ్లకు గానీ, అందులో ఉన్నవాళ్లకు గానీ, రోడ్డున పోయేవాళ్లకు గానీ హాని చేసేదైతే, ఆ రకం బండ్లన్నిటినీ వెనక్కి పిలవమని కేంద్ర ప్రభుత్వం కంపెనీని ఆదేశించవచ్చు. కంపెనీ ఆ బండిని బాగుచేసి ఇవ్వాలి, లేదంటే వేరే బండి ఇవ్వాలి, లేదంటే సొమ్ము వాపసు చేయాలి. బండి తయారై ఏడేళ్లు దాటకుండా ఉండాలి. ప్రభుత్వం ఆదేశించేదాకా తెచ్చుకున్న కంపెనీకి పది లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా ఉంటుంది. తనంతట తానే లోపం ఒప్పుకొని వెనక్కి పిలిస్తే ఆ జరిమానా లేదు. 2021 సెప్టెంబరులో మారుతి సుజుకి కంపెనీ 1,81,754 పెట్రోలు కార్లను అలా తానుగా వెనక్కి పిలిచింది.

ట్రాలీకి ఈ చట్టం వర్తిస్తుందా?

వర్తిస్తుంది. మోటారు వాహనం అంటే ఏమిటో చెప్పే 2(28) సెక్షనులో ట్రైలర్ కూడా మోటారు వాహనమే అని స్పష్టంగా రాసి ఉంది. ఇంజను లేకపోయినా చట్టం దృష్టిలో అది బండే.

మరి చిక్కు ఎక్కడుంది? మన ట్రాలీలు చాలావరకు దగ్గరి పట్నంలో వెల్డింగు షాపులో చేయించినవి. కొన్నిటికి ఛాసిస్ నంబరు ఉండదు. ఏ నెలలో చేశారు, ఏ ఇనుము వాడారు, ఎవరికి అమ్మారు అనే లెక్క షాపులోనూ ఉండదు. పదేళ్లలో అది ముగ్గురు చేతులు మారి ఉంటుంది. లాటు నంబరు లేని విత్తనం సంచి లాంటిదన్న మాట. దానిలో లోపం బయటపడినా వెనక్కి పిలిచే కంపెనీ లేదు, పిలుపు అందుకునే చిరునామా లేదు.

కాబట్టి మన ట్రాలీని మనమే వెనక్కి పిలవాలి. సీజను మొదలయ్యే ముందు ఒక్క పూట పని ఆపి చూసుకోవాలి.

ఒక్క పూట దండగ కాదా?

2018లో జరిగిన రెండు ఘోరాలు గుర్తు చేసుకోండి. ఏప్రిల్ 6న నల్లగొండ జిల్లా పీఏ పల్లి మండలంలో కూలీలతో పోతున్న ట్రాక్టరు అదుపు తప్పి ఏఎంఆర్‌పీ కాలువలో పడింది. తొమ్మిది మంది కూలీలు పోయారు. మూడు నెలలు తిరక్కుండానే, జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర ఇంకో ట్రాక్టరు మూసీ కాలువలో పడి 15 మంది పోయారు. పోయిన వాళ్లలో ఎక్కువమంది పొద్దున్నే సద్ది కట్టుకొని పనికి బయల్దేరిన ఆడకూలీలు.

ఇవి ట్రాలీ తయారీలో లోపం వల్ల జరిగాయని చెప్పడం లేదు. కానీ ఒక్క మాట ఆలోచించండి. ట్రాలీ సరుకు కోసం చేసింది. అందులో పట్టుకోవడానికి కడ్డీ ఉండదు, కూర్చోవడానికి సీటు ఉండదు. తిరగబడితే ఆ ఇనుమంతా మనుషుల మీదే పడుతుంది. మన అలంపూరు సీమలోనూ ఆర్డీఎస్ కాలువ గట్లున్నాయి, నది ఒడ్డు దిగుళ్లున్నాయి. బాగున్న ట్రాలీలోనే ఇంత ప్రమాదముంటే, పిన్ను అరిగిన ట్రాలీ మాట చెప్పాలా?

ఏమేం చూసుకోవాలి?

1. పిన్ను, హుక్కు: ట్రాక్టరును ట్రాలీని కలిపేది ఒక్క పిన్నే. దాన్ని బయటికి తీసి చూడండి. నడుమ భాగం పైభాగం కంటే సన్నబడి ఉంటే మార్చేయండి. సలాక ముక్కో, పాత బోల్టో దూర్చి నడపవద్దు. కింద క్లిప్పు తప్పనిసరిగా ఉండాలి. గతుకులో పిన్ను ఎగిరిపడకుండా ఆపేది అదే. హుక్కుతో పాటు ఒక గట్టి గొలుసు కూడా కట్టండి. పిన్ను ఊడినా ట్రాలీ విడిపోదు.

2. తగిలించే చోటు: ట్రాలీని డ్రాబారుకు, లేదా కంపెనీ ఇచ్చిన వెనక హుక్కుకే తగిలించాలి. బరువును అంతకంటే ఎత్తున కట్టి లాగితే ట్రాక్టరు ముందు చక్రాలు లేచి, బండి వెనక్కి తిరగబడుతుంది.

3. వెల్డింగు: హుక్కు నుంచి డబ్బా కిందికి పోయే కమ్మీల అతుకులను గుడ్డతో శుభ్రంగా తుడవండి. కిరోసిను పూసి పావుగంట ఆగి, మళ్లీ పొడిగా తుడిచి, మీద సుద్దముక్క రుద్దండి. చీలిక ఉంటే లోపల దూరిన కిరోసిను బయటికొచ్చి సుద్ద మీద తడి గీతలాగా కనపడుతుంది. చీలిక కనపడితే పైపైన వెల్డింగు పూత పూయించి ఊరుకోవద్దు. చీలికను పూర్తిగా గ్రైండు చేయించి, నింపించి, పైన పట్టీ వేయించాలి. వెల్డింగు చేసేటప్పుడు ట్రాలీని ట్రాక్టరు నుంచి విడదీయండి.

4. చక్రాలు: ట్రాలీ ఖాళీగా ఉన్నప్పుడు జాకీ ఎత్తి, కింద మొద్దు పెట్టి, చక్రాన్ని పైన కింద పట్టుకొని ఊపండి. లొడలొడ ఊగితే బేరింగు పోయినట్టే. తిప్పితే గరగర వచ్చినా అంతే. నట్లన్నీ ఉన్నాయా, బిగువుగా ఉన్నాయా చూడండి. అయిదింటికి మూడున్నా నడుస్తుందనేది మన పొరపాటు.

5. టైర్లు, కమాన్ కట్టలు: రెండు టైర్లలో గాలి సమానంగా ఉండాలి. పక్కన చీలినా, ఉబ్బినా మార్చాలి. కమాన్ కట్టలో ఒక్క ఆకు విరిగినా డబ్బా ఒక పక్కకు ఒరుగుతుంది. గట్టు మీద ఆ ఒరుగు చాలు, తిరగబడడానికి.

6. జాకీతో లేచే ట్రాలీ: లేచిన డబ్బా కిందికి పోవాలంటే ముందు గట్టి ఆసరా పెట్టాలి. ఆయిలు పైపు ఎక్కడ కారుతోందో వేలితో తడిమి చూడవద్దు. ఒత్తిడి మీదున్న ఆయిలు చర్మంలోకి దూరిపోతుంది. అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. డబ్బా లేపే ముందు తల పైకెత్తి కరెంటు తీగలు చూడండి.

7. బ్రేకులు: మన ట్రాలీల్లో చాలావాటికి బ్రేకులు లేవు. ట్రాక్టరు బ్రేకే రెండింటినీ ఆపాలి. బరువుతో ఉన్న ట్రాలీ దిగువలో ట్రాక్టరును వెనక నుంచి నెడుతుంది. అందుకే దిగువ మొదలవక ముందే చిన్న గేరులో పడాలి. దిగువలో గేరు తీసి న్యూట్రల్‌లో వదలొద్దు. చేనులో తిరగడానికి విడదీసిన రెండు బ్రేకు పెడళ్లను రోడ్డెక్కే ముందు కలిపి కొక్కెం వేయండి. ఒక్క పెడలే తొక్కితే ఒక్క చక్రమే ఆగి బండి పక్కకు తిరిగిపోతుంది.

8. రాత్రి వేళ: వెనక ఎర్ర రేకు, పక్కన పసుపు రేకు మెరిసే స్టిక్కర్లు అంటించండి. అలంపూరు చౌరస్తాలో 44వ నంబరు జాతీయ రహదారి మీదికి పోయే బండ్లకు ఇది మరీ ముఖ్యం. ఆగిపోయిన ట్రాలీ చీకట్లో వెనకవాళ్లకు కనపడదు.

బరువు వేసేటప్పుడు కూడా ఒక లెక్క ఉంది. రెండు చక్రాల ట్రాలీలో బస్తాలన్నీ తోక వైపు వేస్తే హుక్కు పైకి లేస్తుంది, ట్రాక్టరు వెనక చక్రాలకు పట్టు తగ్గుతుంది. బ్రేకు వేసినా జారుతుంది. ఇరుసుకు అటూ ఇటూ పరచి, కొంచెం ముందుకు మొగ్గేట్టు వేయండి.

కొత్తది కొంటే

బిల్లు తీసుకోండి. ఛాసిస్ నంబరు ట్రాలీ మీదా, బిల్లు మీదా ఒకటే ఉందా చూడండి. ట్రాలీకి కూడా రిజిస్ట్రేషను, బీమా చేయించండి. లాటు నంబరు ఉన్న సంచి కొన్నట్టు అవుతుంది.

కొన్న కొద్ది రోజులకే అతుకు విరిగినా, యాక్సిలు వంగినా మళ్లీ మళ్లీ సొంత ఖర్చుతో వెల్డింగు పెట్టించుకొని ఊరుకోవద్దు. ముందు ఫొటో తీయండి. అమ్మినవాళ్లకు కాగితం మీద రాసిచ్చి, ఒక నకలు దగ్గర పెట్టుకోండి. జవాబు రాకుంటే 1915 నంబరుకు ఫోను చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడా తేలకపోతే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. వస్తువు ఖరీదు అయిదు లక్షల లోపైతే ఫీజు కట్టే పని లేదు. కిరాయికి తిప్పుకొని బతకడానికి కొన్నదైనా సరే, సొంత జీవనోపాధి కోసమైతే చట్టం మిమ్మల్ని వినియోగదారుగానే చూస్తుంది. కంపెనీ బండిలో తయారీ లోపమని అనుమానం ఉంటే కేంద్ర రవాణా శాఖ వాహన్ పోర్టల్‌లో రీకాల్ ఫిర్యాదు పెట్టవచ్చు. మీ ఒక్కరి ఫిర్యాదుతోనే బండ్లన్నీ వెనక్కి రాకపోవచ్చు. కానీ లెక్క ఒకటి, రెండు అంటూనే పెరుగుతుంది.

బీమా ఉందని కూడా ధీమా వద్దు. వ్యవసాయానికి అని రాయించిన ట్రాక్టరు, ట్రాలీలో వ్యాపారి కూరగాయలు మార్కెట్టుకు తోలుతుంటే జరిగిన ప్రమాదంలో, బీమా కంపెనీ బాధ్యత లేదని 2004లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మీ పాలసీలో ఏం రాసి ఉందో, కూలీలకు వర్తిస్తుందో లేదో ఏజెంటును కూర్చోబెట్టి చదివించుకోండి.

కిరాయి ట్రాలీ అయితే

"బండి మనది కాదు గదా, మనమేం అడుగుతాం" అనుకోవద్దు. బండి వాళ్లదే, చేను మీది, వచ్చే కూలీలు మీ ఊరివాళ్లు. బేరం కుదిరేటప్పుడే పిన్ను, క్లిప్పు, గొలుసు, నట్లు, టైర్లు చూస్తామని చెప్పండి. అయిదు నిమిషాల పని. చూడనివ్వని బండి వద్దు. కూలీలను ఆటోలోనో బస్సులోనో తెచ్చుకుంటే ఖర్చు కొంత ఎక్కువే అవుతుంది. నలుగురు చిన్న రైతులు కలిసి, ఒకే దిక్కు చేలకు ఒకే బండి మాట్లాడుకుంటే ఆ భారం పంచుకోవచ్చు.

విత్తనం సంచి విప్పే ముందు లాటు నంబరు చూసే అలవాటు మనకు నష్టపోయాకే వచ్చింది. ట్రాలీ విషయంలో అంతదాకా తెచ్చుకోవద్దు. రేపు పొద్దున బండి కదిలే ముందు వెనక్కి పోయి, వంగి, ఆ పిన్ను ఒక్కసారి తీసి చూడండి.