వుజూతో వరుస నేర్పుదాం

ముందు ఏది, తర్వాత ఏది అన్నది పసిపిల్లలకు నేర్పడానికి వేరే పాఠం అక్కర్లేదు. ఇంట్లో రోజూ చేసే వుజూయే చాలు. దివ్య ఖుర్ఆన్‌లో (5:6) ముఖం, మోచేతుల వరకు చేతులు, తల మసహ్, చీలమండల వరకు కాళ్ళు అన్న వరుస ఉంది. దైవప్రవక్త (స) సయీని అల్లాహ్ ముందుగా పేర్కొన్న సఫా నుండే ప్రారంభించారు.

పిల్లల్ని పక్కన నిలబెట్టుకుని వుజూ చేయండి. ముఖం కడిగాక ఆగి, "ఇప్పుడేది బేటా?" అని అడగండి. కుడి చేయి ముందు, ఎడమ చేయి తర్వాత అని చూపండి. తప్పు చెబితే కసరకండి, మళ్ళీ చేసి చూపండి. నమాజు చేయమని ఆదేశించవలసిన ఏడేళ్ళ వయసు వచ్చేసరికి ఆ వరుస వారికి అలవాటైపోతుంది. అయితే తొందరలో మనమే వరుస తప్పితే, వారు నేర్చుకునేదీ అదే.

అల్లాహ్ మన సంతానాన్ని నమాజు నెలకొల్పేవారిగా చేయుగాక! ఆమీన్.