వార్డు చూపించని కాలేజీకి ఫీజు కట్టొద్దు

‘‘థియరీ అంతా ఆన్‌లైనేనట, పరీక్షలకు వెళ్తే చాలట. అమ్మాయి ఇంటిపట్టునే ఉండి బీఎస్సీ నర్సింగ్ చేయొచ్చు కదండీ?’’ అని అడిగే తల్లిదండ్రులకు నా జవాబు ఒక్కటే: చేయకూడదు.

ఆన్‌లైన్ పాఠాన్నీ తరగతి బోధననూ కలిపే బ్లెండెడ్ లెర్నింగ్ మీద నాకేమీ కోపం లేదు. మందు మోతాదు లెక్కో, గుండె కవాటాల పనితీరో అర్థం కాకపోతే వీడియో వెనక్కి తిప్పి ఎన్నిసార్లయినా చూడొచ్చు. తెలుగు మీడియం నుంచి వచ్చి ఇంగ్లిష్ లెక్చర్‌ను అందుకోలేని పిల్లలకు అది పెద్ద ఊరట. పాఠం ముందే వినిపించి, క్లాసులో కేసుల మీద చర్చ పెట్టే కాలేజీ దొరికితే వదులుకోవద్దనే చెబుతాను.

కానీ నరం దొరకని ముసలమ్మకు సెలైన్ ఎక్కించడం తెరమీద రాదు. స్కిల్ ల్యాబ్‌లో బొమ్మ చెయ్యి లాక్కోదు, తిట్టదు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన ప్రకారం పరీక్ష రాయాలంటే 80 శాతం హాజరుండాలి. డిగ్రీ చేతికి రావాలంటే ఆసుపత్రి వార్డుల్లో చేసే క్లినికల్ పోస్టింగులు 100 శాతం పూర్తికావాలి. ‘హాజరు మేం చూసుకుంటాం’ అంటూ నాన్ అటెండింగ్ సీటు అమ్మేవాళ్లు మీ దగ్గర డబ్బు తీసుకుని మీ అమ్మాయికి పని రాకుండా చేస్తున్నారు. రేపు నైట్ డ్యూటీలో రోగి ముందు ఒంటరిగా నిలబడేది ఆ అమ్మాయే, ఏజెంటు కాదు.

మొదటి ఏడాదిలోనే జర్మన్ భాష, అమెరికాలో నర్సు లైసెన్సుకు రాసే ఎన్‌క్లెక్స్ పరీక్ష కోచింగ్ అంటూ ‘ఫారిన్ ప్యాకేజీ’ అంటగట్టేవాళ్లు మరికొందరు. ముందు బీపీ సరిగ్గా చూడటం రానివ్వండి! నీట్‌లో ర్యాంకు రాలేదనో, విదేశాల నుంచి డబ్బు పంపుతుందనో ఇష్టంలేని పిల్లను ఇందులోకి తోయడం ఇంకా పెద్ద తప్పు. రక్తం చూస్తే కళ్లు తిరిగే బిడ్డ ‘వద్దు నాన్నా’ అంటే ఆ మాట వినండి.



నా మొగ్గు ఎప్పుడూ ఉస్మానియా, గాంధీ, విశాఖ కేజీహెచ్ లాంటి రద్దీ ఆసుపత్రుల్లో పిల్లలకు పని నేర్పే కాలేజీల వైపే. ప్రైవేటులో చేర్చక తప్పకపోతే బ్రోచర్‌లోని స్మార్ట్ క్లాస్‌రూమ్ ఫొటోలు పక్కనపెట్టి, ఆ కాలేజీ అనుబంధ ఆసుపత్రికి చెప్పకుండా ఒక ఉదయం వెళ్లండి. మంచాల మీద రోగులు, వాళ్ల పక్కన యూనిఫాంలో విద్యార్థినులు కనిపిస్తేనే ఫీజు కట్టండి.