కొత్త సంఘంలో పరాయిదాన్నేనా?

ప్రశ్న: పెళ్లయి ఆదిలాబాద్ వచ్చాను. ప్రతి ఆదివారం ఆరాధనకు వెళ్తున్నా, సంఘంలో కలవలేకపోతున్నాను. పద్ధతులూ వేరు.

జవాబు: సోదరీ, ఆరాధన ముగియగానే ఇంటికి వెళ్లిపోతున్నారా? పరిచయాలు బలపడేది వారం మధ్యలో జరిగే గృహ ప్రార్థనల్లోనే. అక్కడ కొద్దిమందే ఉంటారు. మీ బరువు చెప్పుకోవచ్చు, ఇంకొకరి కోసం పేరుపెట్టి ప్రార్థించవచ్చు. బైబిల్లో అర్థం కానిది రాసుకెళ్లి అడగండి. విశ్వాసం ఎదిగేది అలాగే. సండే స్కూల్లో పిల్లలకు పాటలు నేర్పుతానని పాస్టరమ్మగారితో చెప్పండి.

పద్ధతుల గురించి దిగులొద్దు. ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంప్రదాయాలవాళ్లు కలిసే 1947లో దక్షిణ ఇండియా సంఘమయ్యారు. ఉమ్మడి ఆదిలాబాద్‌లోనే, కేరళ మూలాలున్న సీరో మలబార్ సభకు 1999లో మేత్రాసనం ఏర్పడింది. కొత్త పాట రెండు నెలల్లో నోటికొస్తుంది. మనుషులకు ఇంకాస్త ఎక్కువ సమయమివ్వండి. ఈ వారమే ఒక అక్కను టీకి పిలవండి.