12 వోల్టులున్నా పంపు నీరసమెందుకు?

పదో తరగతి పిల్లలు చదివే ఓమ్ నియమాన్ని ఈ నెల క్యాంపర్ వ్యానులో చూద్దాం. అందులో లైట్లు, నీళ్ల పంపు సాధారణంగా 12 వోల్టుల బ్యాటరీతో నడుస్తాయి.

పంపు నీరసంగా తిరుగుతోంది. వైర్లు విప్పి మల్టీమీటరు పెడితే 12 వోల్టులు చూపిస్తోంది. మరి లోపం ఎక్కడ?

చాలాసార్లు వ్యాను బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు దగ్గర. లెక్క సులువు కోసం పంపు నిరోధం 2 ఓమ్‌లు, తుప్పు నిరోధం 1 ఓమ్ అనుకుందాం. రెండూ శ్రేణిలో ఉన్నాయి కనుక కరెంటు 12 ÷ 3 = 4 ఆంపియర్లు. పంపుకు అందేది 8 వోల్టులే. మిగతా 4 తుప్పు దగ్గరే ఖర్చవుతాయి. వైర్లు విప్పితే కరెంటు పారదు, ఆ నష్టం మీటరులో కనిపించదు. అందుకే పంపు నడుస్తుండగానే కొలవాలి.

అసలు ప్రమాదం వేడి. ఆ బోల్టు దగ్గర 16 వాట్లు పుడతాయి. కరెంటు 6 నుంచి 4కు తగ్గింది కాబట్టి ఫ్యూజు పోదు, హెచ్చరికా ఉండదు. బోల్టు విప్పి, తుప్పు గీకి, గట్టిగా బిగించడమే మందు.

మీ పిల్లలను అడగండి: తుప్పు నిరోధం 0.5 ఓమ్ అయితే పంపుకు ఎన్ని వోల్టులు? (జవాబు: 9.6)

గమనిక: ఇంట్లోని 230 వోల్టుల ప్లగ్గుల దగ్గర పిల్లలతో ఈ కొలతలు చేయించవద్దు.