మూతి వంకరపోయినచో

తుక్కుగూడ ప్రాంతమున ఎవరికైనను తెల్లవారుసరికి మూతి వంకరపోయినచో, గాలి సోకినదని పసరు పోయించుట తగదు. ముఖమును కదలించు నరము చెవి వెనుక ఎముకసందున వాచి నలుగుటయే దీనికి కారణము. 1821లో ఈ నరమును వర్ణించిన చార్లెస్ బెల్ పేర దీనిని బెల్స్ పాల్సీ అందురు. మందు లేకున్నను పదింట ఏడుగురు కోలుకొందురు. పసరునకు కీర్తి వచ్చినది ఇందువలననే.

పంచాయతీ సభ్యులు మొదట రోగిని కనుబొమలు ఎత్తుమనవలెను. నుదురు రెండువైపుల ముడుతపడినను, చేయి పట్టుతప్పినను, మాట తడబడినను మెదడు పక్షవాతమని శంకించి వెంటనే 108కి ఫోను చేయవలెను. తక్కినవారినిగూడ ఆ దినమే డాక్టరునకు చూపవలెను. 72 గంటలలోపల స్టీరాయిడు మాత్రలు ఆరంభించిననే గుణము హెచ్చు.

మేము ముఖ్యముగా చెప్పునది కంటిని గురించి. రెప్ప మూతపడదు గనుక పగలు చుక్కలమందు, రాత్రి లేపనము వేసి రెప్పమూసి పట్టీ అంటింపవలెను. లేనిచో నల్లగ్రుడ్డు పుండుపడి చూపే పోవచ్చును. మూడు నెలలకును గుణము కనిపింపనిచో మరల డాక్టరునకు చూపవలెను.