నొప్పి మాత్ర గడియారం చూసి వేసుకోండి

చేతికో కాలికో ఆపరేషన్ అయి ఇంటికొచ్చినవాళ్లలో చాలామందిది ఒకటే పట్టుదల: ఓర్చుకోగలిగినంతసేపు మాత్ర వేసుకోకూడదని. మొదటి రెండు మూడు రోజులు అది పనికిరాని పట్టుదల. కోసిన చోట కణాలు ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాలను విడుదల చేస్తాయి. వాపు, సలుపు చాలావరకు వాటివల్లే. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వంటివి వాటి తయారీకే అడ్డుపడతాయి. అందుకే డాక్టరు చెప్పిన వేళకు, ఏదైనా తిన్నాక, సలుపు ముదరకముందే వేసుకోవాలి.

చంకలోనో మెడ దగ్గరో సూది వేసి చెయ్యి మొద్దుబారిస్తే, కొన్ని గంటలు హాయిగానే ఉంటుంది. ఆ మత్తు దిగేది చాలాసార్లు అర్ధరాత్రి, అడిగేందుకు ఎవరూ లేనప్పుడు. మొదటి మాత్ర ఎన్నింటికో డిశ్చార్జ్ అయ్యేముందే అడిగి రాయించుకోండి.

ఈ మాత్రలు అందరికీ పడవు. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, గుండెజబ్బు ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, గర్భిణులు, నొప్పి మాత్రతో ఎప్పుడైనా ఆయాసం వచ్చినవాళ్లు ముందే చెప్పాలి. బీపీ మాత్రే కదా, చెప్పేదేముందని చాలామంది దాటేస్తారు. టెల్మిసార్టన్‌లాంటి బీపీ మాత్ర, మూత్రం ఎక్కువగా పోయే మాత్ర, నొప్పి మాత్ర మూడూ కలిస్తే కిడ్నీ దెబ్బతినొచ్చు.

మెడికల్ షాపులో మరో పేరుతో ఇచ్చింది కూడా అదే మందు కావచ్చు. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాలు చదవండి. ఎసిక్లోఫెనాక్ మాత్రలు చాలావాటిలో పారాసిటమాల్ కలిసే ఉంటుంది. జ్వరమని ఇంకోటి వేసుకునేవాళ్లు లెక్క చూసుకోవాలి: పెద్దవాళ్లకైనా రోజుకు 4 గ్రాములు దాటకూడదు. ట్రమడాల్ ఉంటే బండి నడపొద్దు, మెషీన్ దగ్గర నిలబడొద్దు.

మాత్ర వేసుకున్నా కట్టు కింద నొప్పి పెరుగుతూ, వేళ్లు తిమ్మిరెక్కి, వాటిని కదిపితే ప్రాణం పోయినంత పనైతే ఇంకో మాత్రతో సరిపెట్టకండి. కండరాల్లో ఒత్తిడికి రక్తప్రసరణ ఆగుతున్న లక్షణమది. తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. మలం నల్లగా వచ్చినా, మూత్రం బాగా తగ్గినా మాత్ర ఆపి డాక్టరుకు చెప్పండి.

ఇక డ్యూటీ. నొప్పి తెలియడం లేదంటే ఎముక అతికిందని కాదు, మాత్ర పనిచేస్తోందని. జీతం పోతుందని తొందరపడేవాళ్లు ఈఎస్‌ఐ సంగతి కనుక్కోండి. అర్హత ఉన్నవాళ్లకు అనారోగ్య భృతిగా వేతనంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా వస్తుంది. పనిలో తగిలిన దెబ్బైతే 90 శాతం. ఈఎస్‌ఐ డాక్టరు సర్టిఫికెట్ లేనిదే ఇవేవీ రావు, మొదటి వారంలోనే తీసుకోండి.